26 వేలకు పాత డి3500: సిరిమానుకు సరే, పెళ్ళికి మాత్రం ఆలోచించండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే మీకే తెలుస్తుంది. మీరు విజయనగరంలో ఉంటున్నారు. ఇంతవరకు ఫోనుతోనే ఫొటోలు తీశారు. తెలిసినవారొకరు నికాన్ డి3500 కెమెరాను 18-55, 70-300 లెన్సులు రెండింటితో కలిపి 26,000 రూపాయలకు ఇస్తామంటున్నారు (ఆ అంకెలు మిల్లీమీటర్లు, అంకె పెద్దదయ్యేకొద్దీ దూరంలోవి దగ్గరగా కనిపిస్తాయి). పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, తేలినీలాపురం పక్షులు, మాఘమాసంలో చెల్లెలి పెళ్ళి, అమ్మగారి వంటల వీడియోలు, ఈ నాలుగింటికీ అది సరిపోతుందా అన్నది మీ సందేహం.

మొదటి రెండింటికీ సరిపోతుంది, 70-300 లెన్సు సరైనదైతే. పెళ్ళికి సగమే సరిపోతుంది. వంటల వీడియోలకు పనికిరాదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను శ్రీకాకుళంలో రీలు రోజుల నుంచి పెళ్ళిళ్ళు తీసినవాడిని. ఇప్పుడు స్టూడియో మా అబ్బాయి చూసుకుంటున్నాడు. పెద్ద కెమెరా మోయాలని అనిపించని రోజున నా మెడలో వేలాడేది ఈ డి3500యే. నేర్చుకోవడానికి వచ్చే పిల్లల చేతుల్లో కానన్ 1500డి ఎక్కువగా చూస్తుంటాను. రెండూ 2018లో వచ్చినవే, రెండూ ఆ కంపెనీల మెట్లలో దాదాపు అడుగు మెట్టు మీదివే. అడుగు మెట్టు అనగానే ఫొటో నాసిరకంగా వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. డి3500లో ఉన్నది 24 మెగాపిక్సెళ్ళ సెన్సరు. దాని కొలత 23.5 మిల్లీమీటర్లకు 15.6. మామూలు ధర ఫోనులో ఉండే సెన్సరుకు ఇది ఎన్నో రెట్లు పెద్దది. పగటి వెలుగులో మంచి లెన్సుతో తీసిన ఫొటోను దీనికి మూడింతల ధర పలికే కెమెరా ఫొటో పక్కన పెడితే, ఏది దేనితో తీశారో నేనే చెప్పలేను. ధర తగ్గించడానికి కంపెనీ కోత పెట్టింది సెన్సరులో కాదు, దాని చుట్టూ ఉన్నవాటిలో. ఆ కోతలు మీ నాలుగు పనుల్లో దేనికి అడ్డం వస్తాయన్నదే అసలు లెక్క.

ఇంకో సంగతి ముందే చెప్పాలి, లేకపోతే కొన్న మొదటి వారంలోనే నన్ను తిట్టుకుంటారు. ఫోను మీరు మీట నొక్కగానే నాలుగైదు ఫొటోలు తీసి, వాటిని కలిపి, నీడలను తేల్చి, ఆకాశానికి నీలం పులిమి చూపిస్తుంది. ఈ కెమెరా అలాంటివేవీ చేయదు. అదే దృశ్యం పాలిపోయినట్టు, నీడలు నల్లగా కనిపిస్తుంది. చాలామంది అక్కడే నిరాశపడి కెమెరాను బీరువాలో పెట్టేస్తారు. మీకు ఇప్పుడు అమ్ముతున్నవారిదీ బహుశా అదే కథ. రా ఫైలుగా, అంటే సెన్సరు పట్టినదంతా మార్చకుండా దాచే ఫైలుగా తీసి, నికాన్ ఉచితంగా ఇచ్చే ఎన్‌ఎక్స్ స్టూడియోలో రెండు నిమిషాలు కూర్చుంటే, ఆ నల్లటి నీడల్లో ఎంత దాగుందో తెలుస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక అస్సలు లేదంటే ఇక్కడితో చదవడం ఆపేయండి, ఫోనే మీకు మంచిది. నేను వెటకారంగా అనడం లేదు.

ఇక సిరిమాను, అంటే చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం మధ్య నిలబడి ఫోనుతో తీసినవారికి ఏం దక్కుతుందో మీకు తెలుసు: చేతులెత్తిన వందల ఫోన్లు, వాటి పైన ఆకాశంలో ఒక గీత, గీత చివర ఒక చుక్క. ఆ చుక్కే పూజారి. మాను యాభై అడుగులకు పైగా ఉంటుంది. మీరు నలభై మీటర్ల దూరంలో ఉన్నారనుకుందాం. కెమెరాను అడ్డంగా పట్టుకుని 18-55 లెన్సును 55 దగ్గర పెడితే, ఆ దూరంలో ఫ్రేములో నిలువునా పదకొండు మీటర్ల ఎత్తు పడుతుంది. అంటే పూజారి ఇంకా చిన్న బొమ్మే. అదే 70-300ను 300 దగ్గర పెడితే రెండు మీటర్లే పడుతుంది. కూర్చున్న మనిషి సగం ఫ్రేముకు పైగా నిండిపోతాడు. చేతిలోని విసనకర్ర, నుదుటి బొట్టు, కింద నుంచి జనం విసిరిన అరటిపండు ఆయన పక్కనుంచి పోవడం, అన్నీ దొరుకుతాయి. ఫోనులో వేళ్ళతో లాగి పెద్దది చేస్తే ఇది రాదు.

అయితే ఇక్కడే ఈ కెమెరా కోతల్లో ఒకటి ఎదురవుతుంది. పూజారి వెనక ఉన్నది ఉత్త ఆకాశం. వెలుగు కొలిచే మీటరు ఆ ఆకాశాన్ని చూసి భయపడి ఫొటోను తగ్గించేస్తుంది, మనిషి నల్లటి నీడగా మిగులుతాడు. ఫొటో వెలుగును ఒక స్టాపు, అంటే రెట్టింపు, పెంచుకోవాలి. ఖరీదైన కెమెరాల్లో ముందొకటి వెనకొకటి రెండు చక్రాలుంటాయి, వేలు కదిపితే చాలు. దీనికి చక్రం ఒకటే. షట్టర్ మీట దగ్గరున్న ప్లస్-మైనస్ గుర్తు మీటను చూపుడువేలితో నొక్కి పట్టుకుని, వెనక చక్రాన్ని బొటనవేలితో తిప్పాలి. మాన్యువల్‌లో అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మార్చాలన్నా ఇదే కసరత్తు. ఇంట్లో సోఫాలో కూర్చుని చేస్తే ఏమీ అనిపించదు. అక్కడ వెనక నుంచి జనం తోస్తుంటే, సిరిమాను కోట వైపు కదిలిపోతుంటే, అప్పుడు తెలుస్తుంది. అందుకే ముందు వచ్చే బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు మీద అలవాటు చేసుకోండి. మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి మొదటి విడతలో తప్పినా ఇంకో రెండు అవకాశాలుంటాయి. మూడోసారికి వెలుగు బాగా పడిపోతుంది. ఐఎస్ఓను (తక్కువ వెలుగులోనూ ఫొటోను వెలిగించే అమరిక, పెంచేకొద్దీ చుక్కలు పడతాయి) 1600కు, అవసరమైతే 3200కు పెంచడానికి జంకకండి. ఈ సెన్సరు దాన్ని హాయిగా మోస్తుంది. చేయి వణికి చెడిన ఫొటోను బాగుచేసే మందు లేదు, చుక్కలు పడిన ఫొటోకు ఉంది.

చేయి వణకడం అన్నాను కాబట్టి, డబ్బులిచ్చే ముందు మీరు చూడాల్సిన మొదటి సంగతి ఇదే. నికాన్ ఈ 70-300 లెన్సును రెండు రకాలుగా చేసింది. చూడటానికి రెండూ అచ్చు కవలలు. ఒకదాని ఒంటి మీద రాసిన పేరు చివర వీఆర్ (VR) అనే రెండక్షరాలు ఉంటాయి, రెండోదాని మీద ఉండవు. వీఆర్ అంటే చేతి వణుకును లెన్సే లోపల సర్దుకునే ఏర్పాటు. ఇది లేకుండా 300 దగ్గర చేత్తో పట్టుకుని తీయాలంటే షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 450వ వంతుకు మించకూడదు, సాయంకాలం అది అన్నిసార్లూ కుదరదు. లెన్సు మీద మీట ఏదైనా ఉందేమోనని వెతక్కండి. ఉన్న రకానికి కూడా పైన మీట ఉండదు, కెమెరా మెనూలోనే దాన్ని ఆపడం, వేయడం. పేరు చదవడం ఒక్కటే దారి. వీఆర్ ఉంటే మీరు చెప్పిన ధర ఆలోచించదగ్గదే. లేకపోతే గట్టిగా బేరమాడండి, తగ్గకపోతే వదిలేయండి.

తేలినీలాపురంలో పరిస్థితి ఇంకా అనుకూలం. టెక్కలి దగ్గర ఆ ఊళ్ళో చెట్ల మీద కూర్చున్న గూడబాతులు, రంగుల కొంగలు మనుషులకు అలవాటుపడినవే. గూటిలో పిల్లకు మేత పెడుతున్న పక్షి ఎక్కడికీ పోదు. నిదానంగా తీసుకోవచ్చు. ఎగిరేవాటిని తీయాలనుకున్నప్పుడే కష్టం మొదలవుతుంది. డి3500లో ఫోకస్ బిందువులు పదకొండు. వాటిలో నిలువునా అడ్డంగా రెండు వైపులా పట్టే బలమైన బిందువు నడిమిది ఒక్కటే. 1500డిలో మొత్తం తొమ్మిది, అక్కడా గట్టిది నడిమిదే. ఈ కాలపు అద్దంలేని (మిర్రర్‌లెస్) కెమెరాలు పక్షి కన్నును వాటంతట అవే వెతుక్కుంటాయి. ఇక్కడ వెతకాల్సింది మీరే. నా పద్ధతి మోటుగా ఉంటుంది కానీ పనిచేస్తుంది: ఏఎఫ్-సీ (కదిలేదాన్ని వదలకుండా ఫోకస్ చేసే పద్ధతి), నడిమి బిందువు, షట్టర్ వెయ్యో వంతు లేదా అంతకన్నా వేగం, పక్షిని ఫ్రేము మధ్యలోనే ఉంచి తీసి ఇంటికి వచ్చాక కత్తిరించుకోవడం. 24 మెగాపిక్సెళ్ళు ఉన్నది అందుకే. డి3500 సెకనుకు అయిదు ఫొటోలు తీస్తుంది, 1500డి మూడు. పక్షుల దగ్గర ఆ తేడా బాగా కనిపిస్తుంది. రా ఫైళ్ళు వరసగా తీస్తే కెమెరా ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతుంది కాబట్టి తుపాకీ పేల్చినట్టు కాక, రెండేసి మూడేసిగా తీయండి.

ఈ కెమెరాలో అద్దం ద్వారా చూసే కిటికీ (వ్యూఫైండర్) చేసే మేలు చాలామందికి తెలియదు. అందులో కనిపించేది తెర మీది బొమ్మ కాదు, లెన్సులోంచి వచ్చిన అసలు వెలుగు. ఆలస్యం ఉండదు, ఎండలో తెర కనబడని బాధ ఉండదు. చవక కెమెరా కాబట్టి కిటికీ చిన్నది, కొంచెం మసక, ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది. అంచున ఉన్న కొమ్మ మీకు కనిపించకుండానే ఫొటోలోకి వచ్చేస్తుంది. అయినా ఆ కిటికీ కరెంటు తినదు. తెర వెలగనవసరం లేదు కాబట్టే డి3500 ఒక్క చార్జింగుకు 1,550 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. 1500డికి 500. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక నేను ఉద్దానం వైపు వెళ్ళాను. కూలిన కొబ్బరి తోటలు, జీడి తోటలు ఫొటో తీసిపెట్టమని తెలిసిన రైతులు అడిగారు. కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పేవారూ లేరు. అందరి ఫోన్లూ చచ్చిపడి ఉన్నాయి. నా దగ్గర అప్పుడున్నది ఇంతకంటే పాత నికాన్, ఇదే జాతిది. రెండు బ్యాటరీలతో మూడు రోజులు తిరిగాను. అప్పటి నుంచి ఈ మేలును నేను తక్కువ చేసి మాట్లాడను.

చెల్లెలి పెళ్ళి సంగతి. మన వైపు ముహూర్తాలు ఎక్కువగా రాత్రివేళ, అదీ కళ్యాణమండపంలో రంగురంగుల ఎల్ఈడీ దీపాల కింద. వధూవరుల మధ్య పట్టే తెరసల్లా దించే క్షణం ఊహించుకోండి. వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెడుతున్నారు, పురోహితుడి చేయి అడ్డం, చుట్టూ పది తలలు. మీ కిట్ లెన్సు, అంటే కెమెరాతో వచ్చే 18-55, 55 దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది). పైకి లేచే చిన్న ఫ్లాష్ బలం ఎంతంటే, ఐఎస్ఓ 100లో, ఎఫ్/5.6 దగ్గర మీటరుంపావు దూరం. ఐఎస్ఓ 1600కు పెంచితే అయిదు మీటర్లు వస్తుంది కానీ ఆ వెలుగు ముఖాలకు సున్నం కొట్టినట్టు ఉంటుంది. ఫ్లాష్ లేకుండా తీద్దామంటే, మన కరెంటుకు చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్ వేగం పెంచేకొద్దీ ఒక ఫొటో పసుపుగా, ఇంకోటి చీకటిగా, ఇంకోటి చారలతో వస్తుంది. వందో వంతు దగ్గర ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ మినుకును కనిపెట్టి సరైన క్షణంలో తీసే ఏర్పాటు పెద్ద కెమెరాల్లో ఉంది, దీనిలో లేదు.

ఇవన్నీ ఎలాగో నెట్టుకొచ్చినా ఒకటి మిగులుతుంది. దీనిలో మెమరీ కార్డు పెట్టే చోటు ఒకటే. ఒకసారి నేను ఇలాంటి ఒంటి కార్డు కెమెరాతోనే ఒక పెళ్ళి తీశాను. తలంబ్రాలు అయ్యాక కార్డు తీసి కంప్యూటర్‌లో పెడితే ఖాళీగా కనిపించింది. రాత్రంతా కూర్చుని సాఫ్ట్‌వేర్‌తో కొన్ని వెనక్కి తెచ్చాను. తలంబ్రాల్లో సగం రాలేదు. పెళ్ళికూతురి తండ్రి ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత ప్రతి తంతుకూ కార్డు మార్చడం నాకు అలవాటైంది. కాబట్టి పెళ్ళికి ఫొటోగ్రాఫర్‌ను వేరుగా పెట్టుకోండి. మీరు అన్నగా ఉండండి. కెమెరా మీ దగ్గరుంటే గౌరీపూజకు కూర్చున్న చెల్లెల్ని, వంటశాలలో అరిసెలు ఒత్తుతున్న పిన్నిని, బయట కుర్చీలో నిద్రపోతున్న తాతగారిని తీయండి. వాళ్ళ జోలికి ఫొటోగ్రాఫర్ రాడు.

ఆ పనికి మాత్రం కిట్ లెన్సు చాలదు. మీ లెక్కలో లేని ఒక ఖర్చు నేను పెట్టిస్తున్నాను: నికాన్ 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8జీ డీఎక్స్ లెన్సు, పాతది దొరికినా సరే. పొందూరులో ఒక ఇంట్లో నూలు వడికే పెద్దావిడను తీయడానికి వెళ్ళినప్పటి మాట. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారని మీరు వినే ఉంటారు. ఆ ఎముక పళ్ళు, వాటి మధ్య చిక్కుకున్న పత్తి పోగులు, ఆవిడ గోళ్ళు, అన్నీ ఒకే ఫొటోలో రావాలని నా ఆశ. గదిలో ఉన్నది ఒక్క కిటికీ. కిట్ లెన్సు 35 దగ్గర ఎఫ్/4.5, షట్టర్ ఇరవయ్యో వంతుకు పడిపోయింది. దువ్వే చేయి మసకగా వచ్చింది. లెన్సు మార్చి ఎఫ్/1.8కు తెరిచేసరికి అదే గదిలో దాదాపు ఆరు రెట్లు వెలుగు. షట్టర్ నూట పాతికో వంతు. చేయి ఆగింది, పత్తి పోగు ఒక్కటొక్కటిగా కనబడింది, వెనక గోడ మెత్తగా కరిగిపోయింది. కెమెరా మారలేదు. ఈ కెమెరాలు చెడ్డపేరు తెచ్చుకున్నది కిట్ లెన్సు వల్లనేనని నేను అనేది ఇందుకే.

లెన్సు కొనేటప్పుడు ఒక గోతి ఉంది. నికాన్ 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8డీ అని పాత లెన్సు చవకగా దొరుకుతుంది. ఎవరో ఒకరు మీకు అంటగట్టడానికి చూస్తారు. దానికి ఫోకస్ తిప్పే మోటారు కెమెరా బాడీలో ఉండాలి, డి3500లో ఆ మోటారు లేదు. చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ (AF-S) లేదా ఏఎఫ్-పీ (AF-P) అని రాసి ఉన్నవే తీసుకోండి. కానన్‌లో ఈ తలనొప్పి లేదు, మోటారు లెన్సులోనే ఉంటుంది. వాళ్ళ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం 1500డికి చక్కగా పనిచేస్తుంది.

అమ్మగారి వంటల వీడియోలకు ఎందుకు వద్దన్నానంటే, వీడియో తీసేటప్పుడు అద్దం పైకి లేచి కిటికీ మూసుకుపోతుంది, అప్పటిదాకా చురుగ్గా ఉన్న ఫోకస్ మందకొడిగా మారుతుంది. పోపు వేయగానే లేచే ఆవిరిలో అది ముందుకూ వెనక్కూ ఊగుతూ వెతుక్కుంటుంది. తెర తిరగదు, తాకితే పలకదు. బయటి మైకు పెట్టడానికి చోటే లేదు, ఉన్న మైకులో ఆవాల చిటపట కంటే లెన్సు, వేళ్ళ చప్పుడు ఎక్కువగా పడుతుంది. మీ ఫోనుకు చిన్న కాలరు మైకు, ఒక స్టాండు కొనండి. దానికయ్యే ఖర్చు కొంచెమే, ఫలితం దీనికంటే చాలా మేలు. ఫొటోలు ఫోనుకు పంపే ఏర్పాటూ అంతంతమాత్రమే: వైఫై లేదు, బ్లూటూత్ మీద రెండు మెగాపిక్సెళ్ళ చిన్న బొమ్మ మాత్రం వెళ్తుంది. ఫోనుకు తగిలించే కార్డు రీడరు ఒకటి సంచిలో పెట్టుకోండి.

నికాన్ ఈ కెమెరా తయారీ ఆపేసింది, కంపెనీలన్నీ అద్దంలేనివాటి వైపు వెళ్ళిపోయాయి, ఇప్పుడు ఇది కొంటే డబ్బు మట్టిలో పోసినట్టేనని కొందరు భయపెడతారు. నేర్చుకునేవాడికి అది పెద్ద లోటు కాదు. రేపు నికాన్ జెడ్ కెమెరా కొన్నా, ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టరు పెడితే మీ ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులు వాటంతట అవే ఫోకస్ అవుతాయి. ఈ బాడీ పాతబడినా లెన్సులు ఉపయోగపడతాయి.

మన తీరంలో అసలు శత్రువు వేరే ఉంది: తేమ. రెండు వర్షాకాలాలు తోలు సంచిలో, బీరువా అడుగున పడుకున్న లెన్సును ఒకాయన నా దగ్గరికి తెచ్చాడు. వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూస్తే, లోపలి అద్దం మీద సాలెగూడులాంటి తెల్లటి తీగలు, అంచు నుంచి మధ్యకు పాకుతున్నాయి. బూజు. శుభ్రం చేయించడానికి లెన్సు ధరలో సగం అడిగారు. మీరు కొనబోయే రెండు లెన్సులనూ ఇలాగే టార్చితో చూడండి. చిన్న దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోకండి, తీగ ఒక్కటి కనిపించినా వద్దనండి. కొన్నాక తోలు సంచిలో కాదు, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ వేసి, తేమ చూపించే చిన్న మీటరు పెట్టి ఉంచండి. ముల్లు 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. కళింగపట్నం ఒడ్డున లెన్సు మార్చకండి. తప్పదంటే కెమెరా మూతిని నేలవైపు తిప్పి మార్చండి. సెన్సరు తనంతట తానే దులుపుకునే ఏర్పాటు డి3500లో లేదు. పడిన దుమ్ము మీరు గాలి బుడ్డితో ఊదేదాకా ఆకాశంలో మచ్చగా అలాగే ఉంటుంది.

చూడటానికి వెళ్ళినప్పుడు మీ కార్డు మీరే తీసుకెళ్ళండి. ఒక జేపీజీ ఫొటో తీసి ఇంటికి తెచ్చుకుంటే, నికాన్ ఫైలులో షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో రాసి ఉంటుంది, ఎక్సిఫ్‌ను (ఫొటో ఫైలులో దాగిన వివరాలను) పూర్తిగా చదివే ఎక్సిఫ్‌టూల్ లాంటి సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. అపెర్చర్‌ను ఎఫ్/16కు మూసి తెల్లటి ఆకాశాన్ని ఒక ఫొటో తీయండి, సెన్సరు మీద మచ్చలుంటే అందులో బయటపడతాయి. బ్యాటరీ కంపెనీదేనా చూడండి. చార్జరు అడగడం మరచిపోకండి, చాలామంది మరచిపోతారు. 70-300 మీద ఆ రెండక్షరాలు ఉన్నాయో లేదో చూసి నాకు రాయండి, ఎంతకు అడగాలో అప్పుడు చెబుతాను.